వెనక సీటు కింద చప్పుడు

"ఆ చేతులకేమైంది?"

లాకప్‌లో గోడకానుకుని కూర్చున్న మెకానిక్ రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను. బయటికి తియ్యి."

తీశాడు. కుడిచేతి వేళ్ళు వాచిపోయి, కణుపుల దగ్గర నల్లగా కమిలి ఉన్నాయి. వాటిని చూస్తున్నంతసేపూ ఊచ మీద పట్టకారు పిడికిలి బిగుసుకుంటూనే ఉంది.

పట్టకారు ఆమె అసలు పేరు కాదు. పోలీసు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన రోజుల్లో కిందివాళ్ళు చాటుగా పెట్టిన పేరు. పట్టుకుంటే వదలదని. ఆ ఉద్యోగం పైవాళ్ళ మొహాన కొట్టి ప్రైవేటు డిటెక్టివ్ అయ్యాక జనం ఎదురుగానే అలా పిలవడం మొదలుపెట్టారు. ఆమె ఎన్నడూ వద్దనలేదు.

"ఎవరు కొట్టారు?"

"ఎవరైతే ఏం? మీరొచ్చి నా వేళ్ళు అతికిస్తారా?" మెకానిక్ గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది. "పాతిక ఊళ్ళ బండ్లు నా చేతి మీద నడుస్తున్నాయి. ఇవాళ నేను మనిషిని చంపబోయినవాణ్ణి! ఒప్పుకుంటే ఊరుకుంటామన్నారు. ఒప్పుకున్నాను. ఊరుకున్నారా?"

"కోపం దాచిపెట్టు, దాంతో ఇంకా పనుంది. ముందు నేనడిగింది చెప్పు. ఆ కారులో నువ్వేం చేశావు?"

కారు పాతది. టీవీలంత పెద్ద స్క్రీన్లు, బటన్లు లేని కాలం నాటిది. ఒక ఇంటి చిన్నకూతురు నడిపేది. నాలుగు రోజుల కిందట గేటు లేని రైల్వే క్రాసింగు దగ్గర, సరిగ్గా పట్టాల మీద ఆగిపోయింది. వెనక సీట్లో కాళ్ళు పడిపోయిన తల్లి ఉంది. కూతురు వెనక తలుపు తీసి తల్లిని ఈడ్చి పట్టాల అవతలికి తోసింది. తను తప్పుకునేలోగా రైలు కారు ముక్కుని కొట్టింది. గిర్రున తిరిగిన కారు తోకభాగం ఆ పిల్లని కొట్టింది. అప్పట్నించీ ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది.

"పంపు మార్చాను," అన్నాడు మెకానిక్. "ట్యాంకులోంచి పెట్రోలుని ఇంజనుకి తోసే పంపు. కరెంటుతో పనిచేస్తుంది. అది ఆగితే బండి ఆగుతుంది."

"ఎందుకు మార్చావు?"

"పొద్దున్నే స్టార్టవట్లేదని ఆ అమ్మాయి ఫోను చేసేది. నేను షెడ్డు తెరిచి, చేతిలో పని ఒకటి ముగించుకుని వెళ్ళేవాణ్ణి. వెళ్ళి తాళం తిప్పితే బుద్ధిగా స్టార్టయ్యేది. ఇలా ఎన్నిసార్లో! ఆ అమ్మాయి ముందు నేను వెర్రివెధవలా నిలబడేవాణ్ణి."

"నీ షెడ్డులో ఎప్పుడైనా మొరాయించిందా?"

"రెండు రోజులు పెట్టుకున్నాను. ఒక్కసారీ మొరాయించలేదు. ఇంటి దగ్గరే రోగం. చివరికి విసుగొచ్చి పంపే పాడయిందనుకుని కొత్తది వేశాను."

"అనుకుని వేశావు. చూసి వెయ్యలేదు."

మెకానిక్ తలెత్తి గుర్రుగా చూశాడు. మళ్ళీ తల దించుకున్నాడు. "అవును. అనుకునే వేశాను."

"ఇంటి దగ్గర పొద్దున్నే చచ్చిపోయి, కాస్త పొద్దెక్కాక దానంతటదే బతికే బండి," అంది పట్టకారు తనలో తను అనుకుంటున్నట్టు. "పంపుకి గడియారం ఉండదు. ఇంకెవరికో ఉంది."

"మేడం గారికి పాత అలవాటు పోలేదన్నమాట!"

వెనకనించి వచ్చిన గొంతు ఆమెకి బాగా తెలుసు. ఒకప్పుడు ఆమె కింద ఎస్సైగా చేసిన మనిషి. ఇప్పుడు ఈ స్టేషనుకి ఇన్‌స్పెక్టరు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని నవ్వు.

"వీడి వేళ్ళు విరగ్గొట్టింది నువ్వేనా, నీ మనుషులా?"

"కిందపడ్డాడు."

"చేతివేళ్ళ మీదా?"

"పడేవాడు ఎలా పడాలో మనం చెప్పం కదండీ." నవ్వు చెదరలేదు. "చూడండి మేడం, పంపు మార్చింది వీడు. మార్చిన వారానికే పంపు ఆగింది. ఆగింది ఎక్కడా, పట్టాల మీద. ఇంకేం కావాలి మీకు?"

"ఆగింది పంపేనని నీకెవరు చెప్పారు?"

"వెనక సీట్లో ఉన్న ఆ ముసలావిడ. సీటు కింద పంపు రొద ఆగింది, ఆ తర్వాత ఇంజను ఆగిందని."

"అదే నోటితో ఆవిడ ఇంకోటి కూడా చెప్పింది. సీటు కింద ఏదో టక్కుమందని. దాన్నేం చేశావు?"

"వయసు మీద పడింది. ఆ అదురుకి ఏవేవో వినిపిస్తాయి."

"రొద విన్న చెవి నీకు మంచిదయింది. టక్కు విన్న చెవి చెడ్డదయింది. ఆవిడకి చెవులు రెండూ ఒకే తలకాయకున్నాయి ఇన్‌స్పెక్టర్!"

అక్కడున్న కానిస్టేబులు నవ్వాపుకోలేక దగ్గాడు. ఇన్‌స్పెక్టరు నవ్వు అప్పుడు చెదిరింది.

"మీకు కోర్టు ఇచ్చింది కారు చూడ్డానికి అనుమతి. అదీ మధ్యాహ్నం దాకా. ఆ తర్వాత ఆ ముసలావిడ పెద్దల్లుడు వచ్చి బండిని తుక్కుకి పట్టుకుపోతాడు. అందాకా ఏం పీక్కుంటారో పీక్కోండి."

"పీకుతాను. నాకు ఈ మెకానిక్ కావాలి."

"ముద్దాయినా? కారు దగ్గరికా?"

"ఎడమచేతికి బేడీ వెయ్యి. ఆ బేడీ రెండో కొస నీ కానిస్టేబులుకి తగిలించు. నీకు ధైర్యముంటే నువ్వూ వచ్చి నిలబడు. వీడి తప్పే అయితే నీ ఎదురుగానే తేలిపోతుంది. నీకొచ్చిన భయమేంటి?"

భయం అనే మాట పనిచేసింది.

వసారాలో చక్రాల కుర్చీలో ఆ తల్లి కూర్చుని ఉంది. పట్టకారుని ఈ కేసుకి పెట్టుకున్నది ఆవిడే. పొద్దున్నే వచ్చి స్టేషను గుమ్మంలో కూర్చోవడం, చీకటిపడే వేళకి ఎవరో బలవంతాన ఇంటికి చేర్చడం, నాలుగు రోజులుగా ఇదే.

"పెద్దమ్మా, ఇంకొక్కసారి చెప్పాలి. మొదట్నించి."

"ఎన్నిసార్లయినా చెప్తాను. వినేవాళ్ళు లేకగాని నోరు లేక కాదు." ఆవిడ చూపు పట్టకారు భుజం మీదుగా ఇన్‌స్పెక్టరుకి గుచ్చుకుంది. "ఈ అబ్బాయి నన్ను మతి లేనిదన్నాడట."

"అతని సంగతి నాకొదిలెయ్యండి. ఆ రోజు మీరెందుకు బయల్దేరారు?"

"నన్ను చూసుకునే అమ్మాయి రాలేదు. ఒక్కదాన్నీ వదల్లేక చిన్నది నన్ను వెనక సీట్లో పడుకోబెట్టింది. కూర్చుంటే నడుం నిలవదు నాకు. ఎడమ చెవి సీటుకి ఆనించి పడుకున్నాను. బండి నడిచినంతసేపూ ఆ సీటు కింద తుమ్మెద పాడినట్టు ఒకటే రొద. నాకది అలవాటే. మా ఆయన బతికున్నప్పుడు కొన్న బండి."

"ఎక్కడికి వెళుతోంది చిన్నమ్మాయి?"

"విచారణకి." ఆవిడ గొంతు గట్టిపడింది. "మా పెద్దల్లుడు కట్టిస్తున్న మేడ కూలి ఏడుగురు కూలీలు పోయారు కదా. చిన్నది ఆ ఆఫీసులోనే ప్లాన్లు గీసే పని చేసేది. తను గీసిన ఇనుమొకటి, అక్కడ వేసిన ఇనుమొకటి. ఆ మాటే చెప్పడానికి బయల్దేరింది. అంతకుముందు వాయిదాకి బండి స్టార్టవక వెళ్ళలేకపోయింది. ఈసారి నడిచైనా వెళ్తానంది."

పట్టకారు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "ఇది నువ్వు విన్నావా?"

"విన్నాను. మీరు ఎటు లాగుతున్నారో కూడా తెలుసు." ఇన్‌స్పెక్టరు చేతులు కట్టుకున్నాడు. "వాళ్ళల్లుడు ఆ పొద్దున్నించీ విచారణ హాల్లోనే ఉన్నాడు. ముందు వరసలో. కమిటీ వాళ్ళు అడుగుతుంటే చెమటలు కక్కుతూ జవాబులు చెబుతున్నాడు. హాలు నిండా జనం చూశారు. మీ కథ అక్కడే ఆగిపోతుంది మేడం."

నిజమే. పట్టకారు అది ముందే వాకబు చేసింది. ఆ మనిషి హాల్లోంచి కదల్లేదు.

"ఆ టక్కు సంగతి చెప్పండి పెద్దమ్మా. ముందు టక్కా, ముందు రొద ఆగడమా?"

"టక్కుమంది. నా చెవి కిందే. రొద ఠక్కున ఆగిపోయింది. ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు బండి ఇంకా కదిలింది. అప్పుడు ఇంజను దగ్గినట్టు దగ్గి ఆగింది. చిన్నది తాళం తిప్పుతూనే ఉంది. 'అమ్మా, ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవట్లేదే' అంది. అదే దాని చివరి మాట నాతో." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. "ఏడవడానికి తర్వాత చాలా టైముంది. ముందు ఎవరో చెప్పండి."

కారు స్టేషను వెనక రేకుల షెడ్డులో ఉంది. ముందుభాగం మనిషి తొక్కిన అగ్గిపెట్టెలా ఉంది. ముందు సీట్ల నుంచి వెనక్కి మాత్రం దాదాపు చెక్కుచెదరలేదు. ట్యాంకులో అడుగున కాస్త పెట్రోలు మిగిలింది. పట్టకారు ఇసుక బకెట్లు రెండు తెప్పించి పక్కన పెట్టించింది. జీపులోంచి ఊడదీసిన బ్యాటరీ ఒకటి పట్టించుకొచ్చారు. మెకానిక్ ఇంటినించి వచ్చిన సామాన్ల పెట్టెలో ఒక టెస్ట్ లైటు దొరికింది. రెండు వైర్లకి తగిలించిన చిన్న బల్బు, అంతే. కరెంటు ఉంటే వెలుగుతుంది, లేకపోతే లేదు.

"ఈసారి ఏదీ అనుకోవద్దు," అంది పట్టకారు. "ఒక కొసనించి మొదలుపెడదాం. చూసి చెప్పు."

మెకానిక్ పళ్ళు బిగించి వంగాడు. వాచిన వేళ్ళతో, పక్కన బేడీకి వేలాడుతున్న కానిస్టేబులుతో, డ్రైవరు మోకాళ్ళ దగ్గరుండే ఫ్యూజుల పెట్టె మూత తీశాడు. బ్యాటరీ తగిలించాడు. తాళం తిప్పాడు.

వెనక సీటు కింద చడీచప్పుడు లేదు.

"చూశారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కొత్త పంపు!"

"నోరు మూసుకుని చూడు. ఫ్యూజు?"

మెకానిక్ బల్బు వైరు ఫ్యూజుకి అటొకసారి ఇటొకసారి ఆనించాడు. రెండువైపులా వెలిగింది. "ఫ్యూజు బాగుంది."

"రిలే?"

"అది పంపుకి కరెంటు వదిలే స్విచ్చు మేడం. ఇంజను తిరిగితేనే వదులుతుంది. ఇప్పుడు ఇంజనే లేదుగా. దాన్ని పీకేసి, ఆ రెండు కన్నాలకీ వైరు ముక్క కలిపితే కరెంటు తిన్నగా వెనక్కి పోవాలి." పీకాడు. కలిపాడు. అందరూ చెవులు రిక్కించారు.

ఏమీ లేదు.

వెనక సీటు ఎత్తి బయట పడేశారు. దాని కింద రేకు మూత. మూత తీస్తే పంపు తల, దానికి తగిలించిన వైర్ల ప్లగ్గు కనిపించాయి. మెకానిక్ ప్లగ్గు ఊడదీసి, బల్బుని కరెంటు రావలసిన పిన్నుకి ఆనించి, రెండో కొస బండి రేకుకి పెట్టాడు.

బల్బు వెలగలేదు.

ఎర్తు పిన్నుని బ్యాటరీతో కలిపి చూశాడు. వెలిగింది.

"ఎర్తు బాగుంది. కరెంటే ఇక్కడిదాకా రావట్లేదు." అతని గొంతు మారింది. "మేడం, ముందు కన్నాల దగ్గర ఉన్న కరెంటు వెనక ప్లగ్గు దగ్గర లేదు!"

"పంపు సంగతి కూడా తేల్చెయ్యి. ఇన్‌స్పెక్టరు గారు కాచుకుని ఉన్నారు."

మెకానిక్ రెండు పొడవాటి వైర్లు తీసుకుని బ్యాటరీ నించి పంపుకే తిన్నగా తగిలించాడు. ఝుమ్మని రొద మొదలైంది. నిఖార్సయిన, ఎక్కడా తడబడని రొద. షెడ్డు గుమ్మంలో చక్రాల కుర్చీలో ఉన్న తల్లి గబుక్కున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మెకానిక్ వైర్లు లాగేసి లేచి నిలబడ్డాడు. లేచిన ఊపుకి కానిస్టేబులు తూలాడు.

"విన్నావా సారూ? నేనేసిన పంపే ఇది! బాగానే ఉంది! వీటికి ఏ పాపం తెలుసని విరగ్గొట్టావు?" కమిలిన చెయ్యి ఇన్‌స్పెక్టరు మొహం ముందు ఆడించాడు. "చెప్పు!"

"వెనక్కి జరుగు!"

"జరగడు," అంది పట్టకారు. "వాడు అరిచే హక్కు నువ్వే ఇచ్చావు. కాసేపు భరించు." మెకానిక్ భుజం మీద చెయ్యి వేసింది. "ఇక చాల్లే. ప్లగ్గు మళ్ళీ తగిలించు. ముందున్న వైరు ముక్క అలాగే ఉండనీ. మధ్యలో ఎక్కడో తెగింది. లేదా ఎవరో తెంపారు."

డ్రైవరు తలుపు గడప దగ్గర్నించి పంపు వైరు కార్పెట్ కింద వెనక్కి పోతుంది. పట్టకారే మోకాళ్ళ మీద కూర్చుని కార్పెట్ లాగింది. ఏళ్ళ తరబడి దుమ్ము పట్టిన వైర్ల కట్ట. పాత టేపు ఎండి పెళుసుబారి ఉంది. ముట్టుకుంటే పొడిపొడి అవుతోంది. వేలితో తడుముతూ వెనక్కి జరిగింది. వెనక సీటు మొదలయ్యే చోట ఆమె వేలు ఆగింది.

అక్కడ టేపు మెత్తగా ఉంది. కొత్తగా, నిగనిగలాడుతూ ఉంది.

"ఇది నీదా?"

"నాది కాదు. నేను ఇంత ముందుకి రాలేదసలు. నా పనంతా మూత దగ్గరే."

టేపు విప్పింది. పంపు వైరుని మధ్యలో కోసి, రెండు కొసలూ అగ్గిపెట్టెంత నల్లటి డబ్బాలోకి పోనిచ్చి ఉన్నాయి. డబ్బాకి ఇంకో రెండు సన్నటి వైర్లు, ఎటూ కలవకుండా వేలాడుతున్న ఒక జానెడు తీగ.

"ఏరియల్," అన్నాడు మెకానిక్ ఊపిరి బిగబట్టి. "రిమోటు డబ్బా ఇది. ఏ రిమోటుకైనా దీన్ని జతచెయ్యొచ్చు. దూరాన్నించి బటన్ నొక్కితే లోపల స్విచ్చు పడుతుంది, లేస్తుంది. ఆ పడ్డప్పుడు..."

"టక్కుమంటుంది," అంది గుమ్మంలోంచి తల్లి.

"దొంగల భయానికి పెట్టించుకుంటారు ఇలాంటివి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానీ ఆ మాటలో మునుపటి బిగి లేదు. "ఆ పిల్లే పెట్టించుకుని ఉంటుంది. పొరపాటున తనే నొక్కుకుని ఉంటుంది."

"తాళంచెవి ఇదిగో, చూడు. దీనికి రిమోటుందా? లేదు. ఆమె చేతిసంచి నీ దగ్గరే ఉంది. అందులో ఉందా?"

ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు చూశాడు. కానిస్టేబులు తల అడ్డంగా ఊపాడు.

"ఎవరో ఆ క్రాసింగు పక్కన కాపు కాశారు," అంది పట్టకారు. "కారు పట్టాల మీదికి ఎక్కేదాకా చూశారు. రైలు కూత వినిపించాక నొక్కారు. నువ్వు నాలుగు రోజులు ఒక అమాయకుడి వేళ్ళ మీద లాఠీ ఆడించావు. ఆ నాలుగు రోజులూ వాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. అర్థమైందా నీకు?"

"మేడం, నేను..."

టక్.

పట్టకారు చేతిలోని డబ్బా చిన్నగా అదిరింది. ఆ వెంటనే, ఎవరూ ఏదీ ముట్టుకోకుండానే, పంపు ఝుమ్మంది.

మెకానిక్ నోరు తెరుచుకునే ఉండిపోయాడు. ఇన్‌స్పెక్టరు అసంకల్పితంగా రెండడుగులు వెనక్కి వేశాడు. రొద సాగుతూనే ఉంది. తర్వాత మళ్ళీ టక్. రొద ఆగిపోయింది.

"ఆ టక్కే," అంది తల్లి. ఆవిడ చేతులు కుర్చీ చక్రాలని బిగించి పట్టుకున్నాయి. "అదే. ఒట్టేసి చెప్తాను, అదే."

పట్టకారు అప్పటికే షెడ్డు గుమ్మం దాటింది. స్టేషను ఆవరణలోకి అప్పుడే ఒక తెల్ల కారు వచ్చి ఆగి ఉంది. గేటు బయట తుక్కు ట్రక్కు. కారు దిగిన మనిషి కళ్ళజోడు మరిచిపోయినట్టున్నాడు, వెనక్కి వెళ్ళి తలుపు తెరిచి తీసుకుని, మళ్ళీ తాళం వేసి ఇటే వస్తున్నాడు. చేతిలో తాళాల గుత్తి. బట్టతల, అలసిన మొహం. పెద్దల్లుడు.

"అత్తయ్యా, ఈ ఎండలో ఇక్కడెందుకండీ మీరు?" అన్నాడు దగ్గరికొస్తూ. "ఇన్‌స్పెక్టరు గారూ, ట్రక్కు తెచ్చాను. తీసుకుపోవచ్చా?"

ఇన్‌స్పెక్టరు ముందుకి నడిచి చెయ్యి చాపాడు.

"ఆ తాళాలు ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"ఇవ్వండన్నాను!"

లాక్కున్నాడు. గుత్తికున్న రిమోటు మీద తాళం తీసే బటన్ నొక్కాడు. తెల్లకారు లైట్లు మిణుక్కుమన్నాయి. వెనకాల షెడ్డులో పంపు ఝుమ్మంది. తాళం వేసే బటన్ నొక్కాడు. పంపు ఆగింది. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ. నలగని చొక్కా వీపు మీద చెమట మరక పాకుతోంది.

"ఈ కారుకి తాళం వేస్తే ఆ కారు చస్తుంది," అంది పట్టకారు. "తాళం తీస్తే బతుకుతుంది. రాత్రి ఇంటికొచ్చి ఈ కారుకి తాళం వేసేవాళ్ళు. పొద్దున్నే చిన్నమ్మాయి బండి కదిలేది కాదు. ఆలస్యంగా ఈ కారు బయటికి వెళ్ళేది. అప్పుడు మెకానిక్ వచ్చేవాడు, బండి బుద్ధిగా స్టార్టయ్యేది. ఒకే ఇంటి ముందు రెండు కార్లు! మీరు పైన, వాళ్ళు కింద. అవునా?"

"అవును. కానీ మీరేమంటున్నారో నాకు..." పెద్దల్లుడు షెడ్డు వైపు, రిమోటు వైపు మార్చి మార్చి చూశాడు. అర్థమవుతున్న కొద్దీ అతని మొహంలో రంగు దిగిపోయింది. "నేను హాల్లో ఉన్నాను. ఆ రోజు నేను హాల్లోనే ఉన్నాను!"

"తెలుసు. మీ కారు ఎక్కడుంది?"

"ఇది నా కారు కాదు." అతను తెల్లకారు వైపు వేలు చూపించాడు. "నాది సర్వీసుకిచ్చాను. ఇది మా ఆవిడది. తనే నడుపుతుంది. ఇవాళ ఈ బండితో వెళ్ళి ఆ తుక్కు ముందు వదిలించుకు రమ్మని తనే..."

వాక్యం పూర్తి కాలేదు. చక్రాల కుర్చీలోంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపూ కాదు, మూలుగూ కాదు.

"మీ ఆవిడ ఇప్పుడెక్కడుంది?" పట్టకారు అతని చొక్కా పట్టుకుంది.

"ఆసుపత్రిలో. ఇవాళ చెల్లెలికి స్పృహ రావచ్చని డాక్టర్లు చెప్పారట. దగ్గరుంటానని వెళ్ళింది."

ఇన్‌స్పెక్టరు జీపు కోసం పరిగెత్తాడు. జీపు బ్యాటరీ షెడ్డులో ఉంది. బండబూతు ఒకటి వినిపించింది. ట్రక్కు డ్రైవర్ని రెక్క పట్టి లోపలికి తోసి తనూ ఎక్కాడు. పట్టకారు ఫోనులో వార్డు నంబరు నొక్కింది. రెండోసారికి నర్సు ఎత్తింది.

"రైలు ప్రమాదం కేసు పేషెంటు దగ్గర ఎవరున్నారు?"

"వాళ్ళ అక్కగారండీ. ఒళ్ళు తుడవాలి, కాసేపు ఎవర్నీ పంపొద్దని తలుపు వేసుకున్నారు."

"వెళ్ళి తలుపు తెరిపించు. ఇప్పుడే! తియ్యకపోతే పగలగొట్టండి. నేను పోలీస్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాను."

నర్సు పరిగెడుతున్న చెప్పుల చప్పుడు. తలుపు బాదుతున్న చప్పుడు. మగవాళ్ళ గొంతులు రెండు. బాదుడు. గడియ తీసిన చప్పుడు.

"ఫోనిలా ఇవ్వు," అంది తల్లి.

"పెద్దమ్మా, ఆగండి..."

"నా కూతుళ్ళు వాళ్ళిద్దరూ. ఇవ్వమన్నాను."

పట్టకారు ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. అవతల నర్సు ఎవరితోనో 'మీ అమ్మగారట' అనడం పైకే వినిపించింది.

"అమ్మా?" పెద్దకూతురి గొంతు ఆయాసపడుతోంది. "ఏంటమ్మా? చెల్లికింకా తెలివి రాలేదు, నేను..."

"నీ కారు తాళం నొక్కితే దాని బండి పలుకుతోందే ఇక్కడ. అందరం నిలబడి విన్నాం. నీ మొగుడితో సహా."

అవతల ఊపిరి తప్ప ఏమీ లేదు.

"ఏం, నోరు పడిపోయిందా? పట్టాల పక్కన నిలబడి చూసినప్పుడు లేని సిగ్గు ఇప్పుడొచ్చిందా?"

"అమ్మా, నువ్వు అందులో ఉన్నావని నాకు తెలీదు." మాటలు ఒక్కసారిగా తెగి పడ్డాయి. "ఒట్టమ్మా. దూరంనుంచి అది ఒక్కతే కనిపించింది. నువ్వు పడుకుని ఉన్నావని తెలిస్తే నేను..."

తల్లి మొహం రాయిలా ఉంది.

"అంటే," అంది మెల్లగా, "అది ఒక్కతే అయితే పరవాలేదా?"

అవతల నర్సు గొంతు దగ్గరగా, స్పష్టంగా వినిపించింది.

"చేతిలో ఆ దిండు ఇలా ఇచ్చెయ్యండమ్మా."